ఆవిడ నిలబడ్డ వరుస

సూపర్ మార్కెట్లో పక్క కౌంటర్లు ఖాళీగా ఉన్నా మా ఆవిడ పొడవాటి వరుసలోనే నిలబడింది. చివర బిల్లు వేసేవాడు ఆమెను చూసి నవ్వగానే నాకు ఒళ్లు మండింది.

“వాడిలో ఏముందని?” బయటికి రాగానే అడిగాను.

“ఫోన్ నంబరు పైకి చెప్పమనడు. కీబోర్డు నావైపు జరిపి, తను తల పక్కకి తిప్పుకుంటాడు.”

“నంబరేమన్నా బంగారమా?”

“మొన్నామధ్య ఎవడో రోజూ ఫోన్ చేసి పీక్కుతింటే, ‘ఎవడే వాడు?’ అని నన్ను నిలదీశారు. వాడికి నా నంబరెలా దొరికిందని మాత్రం అడగలేదు.”

“ఎలా దొరికింది?” బిల్లు వేసేవాడి మీద కుళ్లు నాలో ఇంకా చావలేదు.

“షాపులో విన్నానని ఆ ఫోన్ చేసినవాడే చెప్పాడు,” అంటూ సంచీ నా చేతికిచ్చింది. “అంతకుముందు ఇక్కడే బిల్లు మీద పాయింట్ల కోసం వరుసంతా వినేలా నా నంబరు అరిచి చెప్పింది మీరే కదండీ.”