ఇంటిబండికి ఏటా కొత్త ఫిల్టర్లు

నేను రిటైరైన రోజున కొన్న ఇంటిబండి తొమ్మిదేళ్లుగా మా వాకిట్లోనే ఉంది. మంచం, పొయ్యి, సింకు అన్నీ బండిలోనే. ఊళ్లు తిరగడానికే కొన్నాను. ముందు బండి కండిషన్లో ఉండాలి కదా అని ఏటా డీజిల్ ఫిల్టర్లు మారుస్తాను.

మార్చినప్పుడల్లా గొట్టాల్లో గాలి చేరుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, అది పోయేదాకా చేతిపంపు కొట్టాలి. పంపు దగ్గర నేను, తాళంచెవి దగ్గర మా ఆవిడ. "తిప్పు" అంటే తిప్పుతుంది, "ఆపు" అంటే ఆపుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట జవదాటలేదు. నేర్పినవాణ్ణి నేను కదా.

ఈసారి పంపు కొడుతూ చూస్తే, బండి సైడు అద్దానికి కట్టే బట్టల తాడు లేదు.

"నా బనియన్లేవే?"

"లోపల పెట్టా."

చక్రాల ముందుండే పూలకుండీలు గోడవారకి చేరాయి.

"కుండీలెందుకు జరిపావు?"

"అడ్డమని."

అడ్డమే మరి. నేను పంపు కొట్టాను.

కాసేపటికి బుడగలు ఆగి, డీజిల్ ధారగా వచ్చింది. స్క్రూ బిగించాను.

"తిప్పు!"

ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. పది నిమిషాలు చెవి పెట్టి విన్నాను. వంక పెట్టడానికేం లేదు.

"ఆపు!"

ఆగలేదు.

చప్పుడుకి వినపడలేదేమోనని వెళ్లి డ్రైవరు తలుపు తీశాను. మా ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఎదుట అద్దానికి ఆనించి ఆవిడ పేరున కొత్త లైసెన్సు. ఫొటోలో కూడా నవ్వలేదు.

"ఇటు కాదండీ," అంది. "గేటు తీసొచ్చి అటువైపు ఎక్కండి. చేతులు తుడుచుకుని."