రెండు చుక్కల నూనె

ఓబిరి మధ్యాహ్నం భోజనానికి కెంకే ముద్ద తిని చేతులు కడుక్కుని వచ్చేసరికి, ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు అతని గాలి సాండర్‌ను చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు.

ఓబిరి ఒక్క అంగలో దగ్గరికి వెళ్లాడు.

కుమాసీ నగరంలోని సువామే మరమ్మతు షెడ్లలో బండ్లకు రంగులు వేసేవాళ్లు కొల్లలు. గాలి సాండర్ ఉన్నవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. పుట్టీ పూసిన తలుపును చేత్తో రుద్దితే రోజంతా పడుతుంది. కంప్రెసర్ గాలితో తిరిగే దీంతో రుద్దితే మధ్యాహ్నానికల్లా నున్నగా తేలుతుంది. పాత సామాన్ల సంతలో దాన్ని కొన్నాకే ఓబిరి దగ్గరికి మినీబస్సులు రావడం మొదలైంది. అది పోతే అతని పిల్లలు పస్తులే.

"కింద పెట్టు," అన్నాడు.

ఆ మనిషి నొచ్చుకోలేదు. "నూనె వేస్తున్నావా తమ్ముడూ? దీని గొంతు బొంగురుపోయింది. దారిన పోతూ విన్నాను."

"నీకెందుకు?"

"పొద్దున్నే గొట్టం తగిలించేముందు రెండు చుక్కలు వెయ్యి. కంప్రెసర్ అడుగున చేరే నీళ్లు రోజూ వదిలెయ్యి. లేకపోతే లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది."

ఇది ఎక్కడిదని ఆ మనిషి అడిగాడు. సంతలో కొన్నానని గొప్పగా చెప్పాడు ఓబిరి. ఆ మనిషి దాని పిడిని ఒకసారి నిమిరి బల్లమీద పెట్టాడు. తర్వాత, తన పేరు ఫోసు అనీ, షెడ్ల అవతలి కొసన ఉంటాననీ చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు నూనె సీసాతో వచ్చాడు.

ఆ తర్వాత రోజూ వచ్చాడు. సాండర్‌కు దుమ్ము దులిపి, రెండు చుక్కలు పోసి, ఒకసారి తిప్పి, శబ్దం విని వెళ్లేవాడు. టీ ఇస్తానన్నా వద్దనేవాడు.

పక్క షెడ్డు డోంకోకు ఇది నచ్చలేదు. "ఊరికే ఎవడైనా పరాయి సామానుకు ఊడిగం చేస్తాడా? కన్నేశాడురా వాడు."

ఆ మాట ఓబిరి మనసులో ముల్లులా దిగింది. అప్పట్నుంచి సాండర్‌ను ఇంటికి మోసుకెళ్లి తల కింద పెట్టుకుని పడుకునేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రంలోగా ఒక మినీబస్సు ఇచ్చెయ్యాలి. సగం పనిలో సాండర్ ఆగిపోయింది. ఓబిరి విసుక్కుంటూ దాన్ని బల్లమీద పడేసి, రంగు కలపడానికి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

సందు మలుపులో ఫోసు వీపు కనిపించింది. సాండర్ అతని చేతిలోనే ఉంది.

"దొంగ!" అని అరిచాడు ఓబిరి.

సువామేలో ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేదు. రెంచీలు, ఇనుప గొట్టాలు పట్టుకుని నాలుగు వైపుల నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. దెబ్బలు పడుతుంటే ఫోసు ఒకసారి తలెత్తి ఓబిరిని చూశాడు. నోరు మాత్రం విప్పలేదు.

పక్క సందులో లేత్ పని చేసే టర్నర్ అడ్డం పడకపోతే ఏమయ్యేదో. సాండర్ బిగుసుకుపోయింది, విప్పదీసి బాగుచేద్దామని ఫోసు అంతకుముందే టర్నర్‌కు కేకేసి చెప్పాడట. టర్నర్ తన షెడ్డు ముందే అతని కోసం కాచుకుని ఉన్నాడు. ఆ మాట విన్న జనం ఎవరి దారిన వాళ్లు జారుకున్నారు. విరిగిన మణికట్టుతో ఫోసును ఆసుపత్రికి తీసుకెళ్లారు; సాండర్ మళ్లీ ఓబిరి చేతికొచ్చింది.

వెళ్లి చూద్దామని ఓబిరి రోజూ అనుకున్నాడు. సిగ్గుతో కాళ్లు కదల్లేదు.

కొన్నాళ్లకు ఒకావిడ చేతిలో రేకుపెట్టెతో షెడ్డుకు వచ్చింది.

"ఓబిరి మాస్టర్ మీరేనా? నేను సెర్వాను. ఫోసు భార్యను."

ఓబిరి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. ఆవిడ చేతులు విడిపించుకుంది.

"ఆయన చెయ్యి ఇక పనికి రాదన్నారు. మా ఊరు వెళ్లిపోతున్నాం. ఇది మీకు ఇచ్చి రమ్మన్నాడు."

పెట్టె తెరిచాడు. సాండర్‌కు గరుకు కాగితం అంటించే అడుగు బిళ్ల విప్పే చిన్న రెంచీ, కొత్త బిళ్లలు రెండు, నూనె సీసా. మధ్యలో మెత్తటి స్పాంజిలో ఒక గుంట ఉంది.

ఓబిరి సాండర్ తెచ్చి ఆ గుంటలో పెట్టాడు. పిడి దగ్గర్నుంచి గొట్టం మూతి దాకా అతికినట్టు సరిపోయింది.

"పోయిన వానల్లో మా షెడ్డు తాళం పగలగొట్టి దీన్ని ఎత్తుకెళ్లారు," అంది సెర్వా. "ఆయనకున్నది అదొక్కటే."

"మొదటిరోజే నాదని అడగొచ్చుగా అక్కా? కనీసం కొడుతున్నప్పుడైనా ఆ మాట అనొచ్చుగా?"

సెర్వా భుజంమీది గుడ్డ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"నేనూ అదే అడిగాను. 'నాదంటే ఓబిరిని దొంగంటారు సెర్వా, ఆ మాట పడ్డవాణ్ని ఇక్కడ ఏం చేస్తారో తెలుసుగా' అన్నాడు."