నవ్వించకుండా పది నిమిషాలు

"నవ్వించేవాళ్లని లోపలికి పంపను," అంటూ నర్సు తలుపుకి అడ్డంగా నిలబడింది. "పేషెంటు పొట్టకి పన్నెండు కుట్లున్నాయి. పగలబడి నవ్వితే పుటుక్కుమంటాయి."

ముగ్గురు హాస్యరచయితలూ, అంటే పత్రిక సంపాదకుడూ, ప్లీడరూ, లెక్కల మాస్టారూ, మొహమొహాలు చూసుకున్నారు. లోపల మంచం మీదున్నది వాళ్ల నాలుగోవాడు, 'చురక' అనే కలంపేరుతో రాసేవాడు. పాతికేళ్లుగా ఆదివారం ఆదివారం చేరి ఒకరినొకరు ఉతికి ఆరేసుకోవడమే ఆ నలుగురి స్నేహం. ఆపరేషనైన పది రోజులకి ఇవాళే చూడనిస్తామన్నారు.

"ఒక్క జోకు పడిందా, ముగ్గురూ బయటికే. పది నిమిషాలు," అంది నర్సు.

"ఓస్, అంతేనా! నా కథలు చదివి పాతికేళ్లుగా ఎవరూ నవ్వలేదు," అన్నాడు సంపాదకుడు ధీమాగా.

"ఇదిగో, ఇదే వద్దంటున్నది!"

లోపల చురక దిండుకి చేరగిలబడి, పెదవులు బిగించి చూస్తున్నాడు. నర్సు గడియారం చూసుకుంటూ గుమ్మంలోనే ఉండిపోయింది.

లెక్కల మాస్టారు నాలుక చివరిదాకా వచ్చిన చమత్కారాన్ని దగ్గుగా మార్చేశాడు. ప్లీడరు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. చివరికి సంపాదకుడే గొంతు సవరించుకున్నాడు.

"పోయిన ఆదివారం నీ కుర్చీలో ఎవరం కూర్చోలేదురా. గంటకే లేచిపోయాం."

చురక రెప్ప వెయ్యలేదు.

"ఆపరేషనప్పుడు కింద మెట్ల మీదే ఉన్నాను," అన్నాడు ప్లీడరు నేలచూపులు చూస్తూ. "పైకి రావడానికి కాళ్లాడలేదు."

మాస్టారు మంచం అంచున కూర్చుని చురక చెయ్యి అందుకున్నాడు. "నా మొదటి కథని చీల్చి చెండాడావు, గుర్తుందా? ఇంటికెళ్లి ఏడ్చి, మళ్లీ మొదటినుంచీ రాశాను. నేను రచయితనయ్యానంటే నీ వల్లేరా. ఇన్నేళ్లూ చెప్పలేదంతే."

చురక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"టైమైంది," అంది నర్సు.

వరండాలోకి వచ్చాక సంపాదకుడు ఛాతీ విరుచుకున్నాడు. "చూశావామ్మా మా తడాఖా? ఒక్క కుట్టూ తెగలేదు!"

"కుట్లు మొన్ననే విప్పేశామండీ," అని నర్సు నవ్వింది. "'వీళ్లు ఒక్కసారైనా నాతో మామూలుగా మాట్లాడితే వినాలనుంది, ఏదో ఒకటి చెప్పి నోళ్లు కట్టెయ్యమ్మా' అని ఆయనే బతిమాలుకున్నారు."