ఫొటోలో ఉన్నంత తెల్లగా

“ఇంత తెల్లగ కావాలె మేడం.”

కిషన్ జేబులోంచి ఫొటో తీసి పళ్ల డాక్టర్ సంధ్యారాణి చేతిలో పెట్టాడు. బైకు మీద కూర్చుని నోరారా నవ్వుతున్న ఫొటో. ఆమె ఫొటో చూసింది. కుర్చీలో ఉన్న మనిషిని చూసింది. అదే ముక్కు, అదే గడ్డం. ఇక్కడి పళ్లు మాత్రం తుప్పు పట్టినట్టున్నాయి.

“ఏం తింటరన్నా?”

“తంబాకు. గనిల వడ్డప్పటి సంది. లోపట బీడీ ముట్టియ్యనియ్యరు గదా. అందరం దవడకు గదే పెడ్తం.”

“ఇప్పుడేంది, పెండ్లి కుదిరిందా?”

“కాదు మేడం. మా అవ్వ అన్నం తింటలేదు.”

డాక్టర్‌కు అర్థం కాలేదు. కిషన్ షిఫ్టు రిపోర్టు చెప్పినట్టు చెప్పాడు. తల్లి పేరు సమ్మవ్వ. ఏడాదిగా మతిమరుపు. ఎనిమిది రోజుల నుంచి అతని చేతి ముద్ద ముట్టడం లేదు. ‘నువ్వెవలు? నా కొడుకు పెడితెనే తింట’ అంటోంది. దవాఖానలో మూడు సెలైన్లు ఎక్కించారు. సోమవారానికల్లా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు.

“మొఖం జూసి గుర్తువడ్తలేదా?”

“మా అవ్వ మొఖం చూడది మేడం. ఎన్కట గని గేటుకాడ సద్ది పట్టుకోని నిలవడేది. బయటికొచ్చినోళ్లందరి మొఖాలు బొగ్గే. మా నాయినను పండ్లు జూసే గుర్తువట్టేది. ఇప్పుడు అన్ని మరిచింది గని, అది మరువలె. నేను నోరు తెరిస్తె చాలు, నువ్వు గాదు పో అంటది.”

అతని గొంతులో ఏమీ లేదు. ఏడుపు లేదు, కోపం లేదు.

సంధ్యారాణి పళ్ల రంగుల నమూనాల పట్టీ తీసి అతని పెదవి దగ్గర పెట్టి చూసింది.

“రెండు తీర్లున్నయన్నా. మీ పండ్ల అచ్చు దీసి ట్రే చేసిస్త. ఇంట్లనే జెల్ పోసి రోజూ పెట్టుకోవాలె. పదిహేను రోజులు. లేదంటే ఇక్కడనే, ఒక్క సిట్టింగ్‌ల.”

“పదిహేను రోజులు ఆగది మేడం.”

“ఒక్క సిట్టింగ్‌ల రంగు నాలుగైదు మెట్లు తేలుతది. ఫొటోల ఉన్నంత అని మాటియ్యలేను. పండ్లు జివ్వుమంటయి, ఒకటి రెండు రోజులు. చాయ్ వద్దు, పసుపు కూర వద్దు. తంబాకు మళ్ల పెడితే మళ్ల గిట్లనే అయితయి.”

“పెట్ట.”

ముందు గార తీసింది. చిగుళ్లకు మందు పూసి మూసింది. పళ్లకు జెల్ రాసి నీలం లైటు పెట్టింది. పావుగంటకోసారి తుడిచి మళ్లీ రాసింది. మూడుసార్లు.

“జివ్వుమంటే చెయ్యెత్తన్నా. ఆపుత.”

అతను చెయ్యెత్తలేదు. మూడోసారికి ఎంత గట్టివాళ్లయినా ఎత్తుతారు.

“నొప్పి లేదా?”

“ఏమో మేడం. తెలుస్తలేదు.”

చివర్లో అద్దం ఇచ్చింది. కిషన్ అద్దంలో నవ్వాడు. చాలలేదు. పెదాలు ఇంకొంచెం లాగి నవ్వాడు. ఫొటో పక్కన పెట్టుకుని మళ్లీ నవ్వాడు. ఆరుసార్లు అట్లా నవ్వి, ఫొటో జేబులో పెట్టుకున్నాడు.

షేర్ ఆటోలో తోటి కార్మికుడు రాయమల్లు ఎదురుగా కూర్చున్నాడు.

“ఓరి నీయవ్వ! నోట్ల ట్యూబులైటు పెట్టిచ్చుకున్నవారా? రేపు లోపటికి క్యాపు ల్యాంపు తేకు, నవ్వుకుంట ముందు నడువు.”

ఆటోలో అందరూ నవ్వారు. కిషన్ కూడా నవ్వాడు. అద్దంలో నేర్చుకున్న నవ్వే.

క్వార్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో సమ్మవ్వ కూర్చుని ఉంది. చేతులు పుల్లలయ్యాయి. కిషన్ పళ్లెంలో పెరుగన్నం మెత్తగా పిసికి తెచ్చాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని నోరారా నవ్వాడు.

ఆమె అతని పళ్లనే చూసింది. చాలాసేపు చూసింది.

“ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?” అంది. “షిఫ్టు ఇడిసిండ్రా?”

“ఇడిసిండ్రే. తిను.”

నోరు తెరిచింది. ఒక ముద్ద. రెండు. మూడు. గడ్డం మీద కారిన పెరుగును అతను బొటనవేలితో తుడిచాడు. గాలి తగిలినప్పుడల్లా అతని పళ్లు జివ్వుమంటున్నాయి. నవ్వు మాత్రం దించలేదు.

నాలుగో ముద్ద దగ్గర ఆమె ఆగింది.

“అగో, గనిల కప్పు కూలిందన్నరు గదా కొడుకా. మనింటిముందట టెంటేసిండ్రు. అందరొచ్చి నన్ను పట్టుకోని ఏడ్సిండ్రు. మరి పోయిందెవలు?”

కిషన్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఆమె నోరు మూసేసుకుంది. జవాబు చెబితేగాని తెరిచేలా లేదు.

“నీ పెద్దకొడుకు ముత్యం ఇగో నీ ముందటనే ఉన్నడు గదనే అవ్వా, గనిల పోయింది చిన్నోడు కిషన్,” అన్నాడు కిషన్.