నలభై ఒక్కమంది

తార్నాక బస్టాపు పక్కన టీకొట్టు బెంచీ మీద కాగితాలు పరుచుకుని, తల పట్టుకు కూర్చుంది లావణ్య.

నాలుగింటికల్లా థీసిస్ యూనివర్సిటీలో స్నేహలత మేడం చేతిలో పెట్టాలి.

ఐదూళ్లకు ఒకటే పంచాయతీ. హిందువులూ క్రైస్తవులూ కలిసి ఉండే ఊళ్లు. పంచాయతీ పుస్తకంలోని పేర్లూ, చర్చి పుస్తకంలోని పేర్లూ కలిపితే, ఉన్న జనం కంటే నలభై ఒక్కమంది ఎక్కువ తేలారు.

"వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడ్డారా? తేల్చకపోతే సంతకం పెట్టను" అనేసింది మేడం.

పక్కన కూర్చున్న ముసలాయన టీ గ్లాసు కాగితాల మీద పెట్టబోయాడు.

"చూసుకో తాతా! మూడేళ్ల కష్టం!"

ఆయన గ్లాసు కింద పెట్టి, పేర్లలోకి తొంగిచూశాడు.

"గీమెను రెండుసార్ల రాసినవేంది?"

"ఎక్కడ? ఈమె ఎల్లమ్మ, ఆమె రాహేలు."

"ఒక్కతే బిడ్డా. ఓటుకు ఎల్లమ్మ, ఐతారం చర్చిల రాహేలు."

లావణ్యకు నవ్వొచ్చింది. "ఒక మనిషికి రెండు పేర్లుంటాయా?"

"ఇంట్ల నిన్నేమంటరు?"

"బుజ్జి..." అని నాలిక్కరుచుకుంది.

"నువ్వు గూడ ఇద్దరా మరి? పెన్నియ్యి."

ఒక పేరు పక్కన రెండో పేరు రాసుకుంటూ పోయాడాయన. టీ చల్లారిపోయింది.

రెండు పేర్లకూ ఇంటి నంబరు ఒకటేనా అని లావణ్య సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు.

"లాలాపేట బస్సొచ్చింది, పోతున్న" అంటూ పెన్ను బెంచీ మీద పెట్టి లేచాడు.

"ఊఁ... ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి!"

లెక్క ముగించి లావణ్య తలెత్తేసరికి బస్సు కదిలిపోయింది.

నాలుగింటికల్లా మేడం సంతకం పడింది. లావణ్య గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

"ఎవరు దిద్దారమ్మా?" అడిగింది మేడం.

"బస్టాపులో ఎవరో తాత మేడం. పేరడగలేదు. చదువుకున్నవాడిలా కూడా లేడు."

మేడం తాత రాసిన ఆ కాగితాన్నే చూస్తూ, థీసిస్ చివరున్న రెండు పుస్తకాల జిరాక్సులు తీసి దాని పక్కన పరిచింది. మూడేళ్లలో లావణ్య ఎన్నడూ వాటిని అలా పక్కపక్కన పెట్టి చూడలేదు.

పంచాయతీ పుస్తకంలోనూ, చర్చి పుస్తకంలోనూ, ఐదూళ్ల జనం పేర్లన్నీ రాసింది ఆ తాత చెయ్యే.