రాలిన ఈకలు

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. అడగాలే గానీ ఏ పిట్టకైనా గూడు అల్లిపెట్టేవాడు. గూట్లో పరవడానికి మెత్తటి ఈకలు తెచ్చే పని కాకిమామది.

"మామా, రాలినవే తేవాలి. బతికున్న పిట్ట ఒంటి మీద ముక్కు వేశావో, మన పొత్తు చెల్లు!" అని గిజిగాడు మొదట్లోనే గట్టిగా చెప్పాడు.

"నీ మాట దాటుతానా అల్లుడూ!" అన్నాడు కాకిమామ.

ఈకలు వస్తూనే ఉన్నాయి. ఒక్కోసారి వెచ్చగా ఉండేవి. ఎండకేమోలే అనుకునేవాడు గిజిగాడు.

ఒక చలి పొద్దున గోరింక తన కొత్తగూడు చూసుకోవడానికి వచ్చింది. లోపలికి తలపెట్టి అలాగే ఉండిపోయింది.

"నచ్చలేదా అక్కా?"

"ఇవి నా పిల్లల ఈకలు తమ్ముడూ. నిన్న మేతకెళ్లి వచ్చేసరికి నేలమీద పడున్నారు. ఒంటిమీద నూగన్నది లేదు."

గిజిగాడు కాకిమీదికి లేచాడు. కాకిమామ తెల్లబోయాడు.

"బతికున్నదాన్ని ముట్టుకుంటే ఒట్టు! గూడు దులిపాను, పిల్లలు రాలాయి. ప్రాణం పోయేదాకా ఆగాను. రాలినవే కదరా తెచ్చాను?"

గిజిగాడు గూటి మీద వాలాడు. పోచలు లాగి గూడు విప్పబోయాడు. అప్పటికే గోరింక అందులో ముడుచుకుని పడుకుంది.

"విప్పకు తమ్ముడూ," అంది. "ఇంకా వెచ్చగానే ఉన్నారు."