రెండో దుప్పటి

లాడ్జి గదిలో రిమోట్ ఎంత నొక్కినా ఏసీ ఆగడం లేదు. అమ్మ చలికి వణికిపోతోంది. జ్వరమొస్తే రేపటి ఆపరేషన్ వాయిదా వేస్తామని డాక్టరు గారు ముందే చెప్పారు. దుప్పటి కోసం కింద కౌంటరుకి మూడోసారి ఫోన్ చేశాను.

"నేనొక్కణ్ణే ఉన్నాను సార్. రూమ్ సర్వీసు తీసేసి రెండేళ్ళయింది. పొద్దున పంపిస్తాలెండి," అన్నాడు కౌంటరతను ఆవలిస్తూ.

"పొద్దున వెయ్యడానికి అదేమన్నా పాల ప్యాకెట్టా?"

వెనక నుంచి అమ్మ అంది: "ఎందుకురా ఆయన మీద అరుస్తావు? ఇందాకేగా వచ్చి కప్పి వెళ్ళారు. ఎంత మర్యాదో! పాదాల కిందికి కూడా మడిచారు."

తిరిగి చూశాను. అమ్మకి మెడ దాకా తెల్లటి దుప్పటి ఉంది. తలుపు గొలుసు నేను వేసినట్టే ఉంది. దుప్పటి లాగేద్దామని చెయ్యి చాపాను. కానీ అమ్మకి వణుకు తగ్గింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు ఏసీ దానంతటదే ఆగింది. ఆ నిశ్శబ్దంలో, బాత్రూమ్ తలుపుని లోపలి నుంచి ఎవరో మెల్లగా తట్టారు.

"సార్, మీకూ ఒకటి తెచ్చానండీ."

నేను కదల్లేదు. అమ్మ కళ్ళు మూసుకునే అంది: "తలుపు తియ్యరా. అడిగి తెప్పించుకుని మనిషిని నిలబెట్టకూడదు."